దువ్వెన వెడల్పుపై సమ్మె

సంపాదకులకు,

కొత్త పనిముట్టుకు అడ్డుచెప్పే కార్మికుణ్ణి అభివృద్ధి నిరోధకుడని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. 1983లో ఆస్ట్రేలియాలో గొర్రెల ఉన్ని కత్తిరించేవారు సమ్మె చేశారు. తగాదా అంతా కత్తిరింపు యంత్రం కొసన ఉండే దువ్వెన గురించే. దాని వెడల్పు రెండున్నర అంగుళాలు మించరాదన్నది పాత నిబంధన. న్యూజిలాండ్ నుంచి వచ్చినవారు వెడల్పాటివి వాడారు; కార్మిక తగాదాలు తీర్చే మధ్యవర్తిత్వ కమిషన్ చివరికి వాటిని అనుమతించింది. అక్కడ కూలీ రోజు లెక్కన కాదు, వంద గొర్రెలకు ఇంత అని. వెడల్పు దువ్వెనతో వేగం పెరిగితే ఆ రేటు కోస్తారని కార్మికుల భయం. సంఘం ఓడింది, వెడల్పు దువ్వెనే మామూలైంది. అయినా ఆ భయాన్ని నేను తప్పుపట్టను. గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని రోజంతా నడుము వంచేది యజమాని కాదు కదా! మన మిల్లుల్లోనూ యంత్రం దించకముందే కూలీ రేటు కార్మికులతో కూర్చుని తేల్చాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు