ప్రోపోలిస్ సీసా మీద చెట్టు పేరేది?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపరు విప్పితే మధ్యలోంచి ఒక రంగుల కరపత్రం జారి కింద పడింది. కుట్టని తేనెటీగల ప్రోపోలిస్ అట, అంటే అవి గూడు కట్టుకునే జిగురు. షుగరు, కీళ్లనొప్పులు, క్యాన్సరు, సంతానలేమి, అన్నిటికీ ఆ చుక్కలేనట. కింద విజయవాడలో ఏదో ఎగ్జిబిషన్ స్టాల్ నంబరు. కరపత్రాలు పెట్టేది మీరు కాదనీ, తెల్లవారుజామున ఏజెంటు దగ్గర కుర్రాళ్లు దూరుస్తారనీ నాకూ తెలుసు. అయినా మీకే రాస్తున్నాను. ఎందుకంటే అలాంటి చుక్కలు అప్పటికే మా ఇంట్లోకి వచ్చి చేయాల్సింది చేసేశాయి.

మా వదినకి 12 ఏళ్లుగా షుగరు. సంక్రాంతికి ముందు ఒక స్టాల్లో 900 రూపాయలు పెట్టి చిన్న సీసా కొనుక్కొచ్చి, ఇంగ్లీషు మందులు పక్కన పడేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలకి కళ్లు మసకలు కమ్ముతున్నాయంటే పరీక్ష చేయించాం. పరగడుపున 300 దాటింది. ఇప్పుడు మళ్లీ మాత్రలు వేసుకుంటోంది, బాగానే ఉంది. సీసా మాత్రం నేను తెచ్చుకున్నాను. 30 ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, చేతులు ఊరుకోవు కదా. లేబుల్ మీద ఏ తేనెటీగో లేదు, ఎక్కడ సేకరించారో లేదు, దేనిలో కరిగించారో లేదు. సింహం బొమ్మ మాత్రం ఉంది.

అలాగని ఇదంతా బూటకమని కొట్టిపారేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఈగలంటే నాకు ఇష్టం. బ్రాడీపేటలో మా పాత ఇంటి కరెంటు మీటరు డబ్బాలో ఆరేళ్లుగా ఒక గూడు ఉంది. ఒక్కో ఈగ నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో, నల్లగా, దోమ అనుకుని చాలామంది కొట్టేస్తారు. శాస్త్రంలో దీని పేరు టెట్రాగోనులా ఇరిడిపెనిస్. కొండి ఉండీ లేనట్టే, కుట్టలేదు. డబ్బా కన్నంలోంచి చిటికెన వేలంత గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని అంచున కాపలా ఈగలు తలలు బయటపెట్టి కూర్చుంటాయి. గొట్టం ముట్టుకుంటే వేలికి బంకలా అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలదు. చీమలు అక్కడికొచ్చి కాళ్లు అతుక్కుపోయి ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. కుట్టే ఆయుధం లేదు కాబట్టి వాటికి జిగురే కోటగోడ. ఆస్ట్రేలియాలో వీటి బంధువులు గూట్లోకి దూరిన పురుగుని బతికుండగానే ఈ జిగురుతో కప్పి బిగించేస్తాయని శాస్త్రవేత్తలు రికార్డు చేశారు. ప్రోపోలిస్ అంటే గ్రీకులో ఊరి ముందరిది అని అర్థం. వినడానికి మన పొలిమేరలా ఉంటుంది గానీ ఆ మాటకీ ఈ మాటకీ చుట్టరికం లేదు.

ఈ జిగురు ఈగ కడుపులో పుట్టేది కాదు. ఇక్కడే అసలు సంగతంతా ఉంది. చెట్టుకి గాయమైతే అందులోకి బూజు, బ్యాక్టీరియా దూరకుండా చెట్టు కార్చుకునే రసం అది. ఈగలు దాన్ని వెనక కాళ్లకి అంటించుకుని తెచ్చి, ఒంట్లోంచి వచ్చే మైనంతో కలిపి గూడు కట్టుకుంటాయి. అంటే ప్రోపోలిస్‌లో మందు గుణం ఏదైనా ఉంటే అది ముందు చెట్టుది. చెట్టు మారితే సరుకే మారిపోతుంది. యూరప్‌లో మామూలు తేనెటీగలు పాప్లార్ చెట్ల మొగ్గల నుంచి తెచ్చే ప్రోపోలిస్‌లో పినోసెంబ్రిన్, గలాంజిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు ఎక్కువ. బ్రెజిల్ ఆకుపచ్చ ప్రోపోలిస్ బక్కారిస్ అనే పొద నుంచి వస్తుంది, దాని ముఖ్య రసాయనం ఆర్టెపిలిన్ సి. థాయ్‌లాండ్‌లో కుట్టని ఈగలు మాంగోస్టీన్ చెట్టు జిగురు తెచ్చుకుంటే అందులో మాంగోస్టిన్ అనే, జాంథోన్ జాతి రసాయనం దొరికింది. వియత్నాం, ఇండోనేషియాల్లో మామిడి దగ్గరున్న గూళ్లలో మాంగిఫెరోనిక్ ఆమ్లం లాంటి ట్రైటర్పీన్ జాతి రసాయనాలు దొరికాయి. అన్నిటి పేరూ ప్రోపోలిస్సే! ఒకదాని మీద జరిగిన పరిశోధన చూపించి ఇంకోదాన్ని అమ్మడం, పనసకాయకి వచ్చిన పేరుతో గుమ్మడికాయ అమ్మడం లాంటిది.

మామిడి మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. నూజివీడు రసాలు తిని మూతి పొక్కించుకోని పిల్లలు మన వైపు ఎవరున్నారు? ఆ సొనలో ఆల్కైల్ రిసార్సినాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. పచ్చికాయకి బూజు పట్టకుండా చూసేవీ అవే, మన చర్మం మీద దద్దుర్లు తెప్పించేవీ అవే. మామిడి నుంచి తెచ్చిన ప్రోపోలిస్‌లో కూడా ఈ రసాయనాలు దొరికాయి. మరి కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఈగలు తెచ్చే జిగురులో మామిడి వాటా ఎంత? అది పుండు మాన్పుతుందా, పుండు చేస్తుందా? పరీక్ష చేసి చెప్పాల్సిన ఈ సంగతిని మనవాళ్లు నేరుగా నాలుక కింద చుక్కలుగా వేసేస్తున్నారు.

మందు గుణం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ప్రయోగశాల పళ్లేల్లో కుట్టని తేనెటీగల ప్రోపోలిస్ సారం చాలాచోట్ల స్టాఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియాని అడ్డుకుంది. ఈ.కోలై లాంటి వాటి మీద అంత పని చేయలేదు, వాటి పై పొర దాటడం కష్టం. క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద కూడా పరిశోధనలు వచ్చాయి. ఇవన్నీ ఆశ పుట్టించేవే. కానీ పళ్లెంలో క్యాన్సర్ కణం చావడానికి స్పిరిట్ కూడా చాలు, అలాగని స్పిరిట్ తాగం కదా. మనుషుల మీద సరిగా జరిగిన పరీక్షలు కుట్టని ఈగల ప్రోపోలిస్‌కి చాలా తక్కువ. షుగరు మాత్ర మానేయమనే ధైర్యం ఆ పరిశోధనల్లో ఎక్కడా లేదు.

నా గూటి గొట్టం నుంచి శనగగింజంత ముక్క గిల్లి నీళ్లలో వేస్తే రాయిలా కూర్చుంది. తుమ్మబంక అయితే కరిగిపోయేది, ఇది గుగ్గిలం జాతి. ఇంగ్లీషులో ఈ ఈగల్ని డామర్ బీ అనేది అందుకే, డామర్ అంటే గుగ్గిలమే. అదే ముక్కని స్పిరిట్‌లో రాత్రంతా ఉంచితే టీ డికాషన్ రంగు దిగింది. ఆ డికాషన్ నాలుగు చుక్కలు నీళ్లలో వేస్తే డెట్టాల్ వేసినట్టు తెల్లగా విరిగింది. మా వదిన సీసాలోది వేస్తే షర్బత్‌లా కలిసిపోయింది. గ్లైకాల్ అనే, నీళ్లలో కలిసే ద్రవంలో తీసిన సరుకు అలా కలవచ్చు, కాబట్టి మోసమని తేల్చేయను. దేనిలో తీశారో రాస్తే ఈ అనుమానమే రాకపోయేది.

ఇంకో భయం కూడా ఉంది. కిందటేడు మా గేటుకి ఆకుపచ్చ ఎనామిల్ వేయించాను. సాయంత్రానికి తడి పెయింట్ మీద ఈగలు వాలి కాళ్లతో గీరుకుంటున్నాయి. రెండ్రోజులకి గూటి గొట్టం మీద పచ్చటి చార ఒకటి వచ్చింది! వాటికి జిగటగా ఉంటే చాలు, మామిడి సొనైనా, రోడ్డు తారైనా, పెయింటైనా. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులు మన పాత ఊళ్ల గోడల మీద ఇంకా పొరలు పొరలుగా ఉన్నాయి. ఊళ్లో గూళ్ల నుంచి తీసిన ప్రోపోలిస్ తాగించే ముందు అందులో సీసం ఎంతో చూడాలా వద్దా?

షుగరు, క్యాన్సరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చెబుతోంది. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఔషధ నియంత్రణ అధికారులు ఎగ్జిబిషన్లలో స్టాళ్లు ఒక్క సాయంత్రం తిరిగితే చాలు, వెతకాల్సిన పని కూడా లేదు. ఇక గుంటూరు పక్కన లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, విజయవాడ దారిలో నాగార్జున యూనివర్సిటీలో ఫార్మసీ కాలేజీ ఉంది. ఈగల సంగతి తెలిసినవాళ్లు ఒకచోట, రసాయనాలు విడదీసేవాళ్లు ఇంకోచోట, మధ్య దూరం గంట ప్రయాణం కూడా లేదు. నూజివీడు మామిడి తోటలో గూడు, పల్నాడు మెట్టలో గూడు, గుంటూరు పేటలో గూడు, ఎండాకాలం ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి నమూనాలు తీసి ఏ చెట్టుదో, ఏముందో తేల్చి తెలుగులో అచ్చు వేయమని వాళ్లని అడుగుతున్నాను. అమ్మేవాళ్లు కూడా అప్పుడు ధైర్యంగా లేబుల్ మీద చెట్టు పేరు రాసుకోవచ్చు. ఈలోపు 900 రూపాయల సీసా కోసం గోడలు తవ్వి గూళ్లు పీకేవాళ్లు బయల్దేరారని వింటున్నాను. ఒక్కసారి పీకితే పిల్ల ఈగలతో సహా గూడంతా పోతుంది.

నమూనా కావాలంటే మా ఇంటికి రండి, కాఫీ కూడా ఇస్తాను. డబ్బా తెరవక్కర్లేదు, గొట్టం కొసన కొంచెం గిల్లుకుంటే వాటంతట అవే మళ్లీ కట్టుకుంటాయి. ఆ పచ్చ చార ఉన్నచోట మాత్రం వదిలేయండి, అది నా గేటు.

ఇట్లు
విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు