ఐసీయూ బయట సాయం చేసిన తమ్ముడికి

నాన్నకు బైపాస్ బాగా జరిగింది. నిన్న సాయంత్రం బెంగళూరు మారతహళ్లిలోని ఇంటికి తీసుకొచ్చాం. అందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేదు, ఏమనుకోకండి. డబ్బు సర్దిన బావకి, సెలవు పెట్టి వచ్చిన చెల్లికి థాంక్స్ చెబితే తిడతారు కాబట్టి వదిలేస్తున్నా.

చెప్పాల్సింది ఐసీయూ బయట పక్కన కూర్చున్న ఆ కోలారు అబ్బాయి గురించి. ఇన్సూరెన్స్ వాళ్లు బిల్లులు, రిపోర్టులు అన్నీ ఒకే పీడీఎఫ్‌గా, అదీ 5 ఎంబీ దాటకుండా పెట్టమన్నారు. ఫోన్లో తీసిన ఫోటోలే 90 ఎంబీ పైన ఉన్నాయి. అర్ధరాత్రి ఏదో ఫ్రీ సైట్లో నాన్న ఆధార్‌తో సహా ఎక్కించబోతుంటే పక్క కుర్చీలోంచి, "అన్నా, అక్కడ పెట్టకండి. నా లాప్‌టాప్‌లో చేసిస్తా" అన్నాడు.

కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్ తెరిచి, ఫోటోలను పీడీఎఫ్‌గా మార్చే ఇమేజ్‌టుపీడీఎఫ్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్క లైన్‌లో ఫోటోలన్నీ ఏ4 పేజీలుగా కలిపేశాడు. చూస్తే 1వ బిల్లు తర్వాత 10, 11 వచ్చి, 2 ఎక్కడో వెనక్కి పోయింది. ఫైళ్ల పేర్లు చూపించే ఎల్‌ఎస్ అనే కమాండ్ పక్కన, అంకెల వరసలో పేర్చే మైనస్ వీ చేర్చి, ఆ వరసలో మళ్లీ కలిపితే సరిపోయింది. తర్వాత పీడీఎఫ్ సైజు తగ్గించడానికి ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్. 'స్క్రీన్' సెట్టింగ్ 72 డీపీఐకి (అంగుళానికి 72 చుక్కలు) దించేసరికి బిల్లుల్లో అంకెలు అలుక్కుపోయాయి. 'ఈబుక్' పెడితే 150 డీపీఐ. సైజూ లోపలికి వచ్చింది, డాక్టర్ స్టాంపూ చదవగలిగేలా ఉంది. ల్యాబ్ రిపోర్టుల పాస్‌వర్డ్ నన్నే టైప్ చేయమని, క్యూపీడీఎఫ్ అనే ప్రోగ్రామ్‌తో తాళం తీసేశాడు. చివరికి ఆ లైన్లన్నీ మందుల బిల్లు వెనక రాసి, ఏది ఎందుకో కూడా పక్కన రాసిచ్చాడు.

తెల్లారి నర్సు పిలిస్తే గానీ తెలియలేదు, వాళ్లమ్మ కూడా లోపలే వెంటిలేటర్ మీద ఉందని. రాత్రంతా ఒక్క మాట అనలేదు. టీ తాగుదాం రమ్మంటే, "మీరు కాసేపు పడుకోండన్నా" అన్నాడు. నాన్న ఆపరేషన్‌కి ఏడవనివాణ్ని, అక్కడ ఏడ్చేశాను.

బిల్లులు పెట్టే ఆ ఇన్సూరెన్స్ పోర్టల్ సంగతి కూడా చెప్పాలి. వాళ్లే 5 ఎంబీ అంటారు, వాళ్లే "డాక్యుమెంట్ క్లియర్‌గా లేదు" అని తిప్పి పంపుతారు. పక్కన మనిషి ప్రాణం మీద ఉంటే ఇంట్లోవాళ్లు ఎంబీలు లెక్కపెట్టుకోవాలా? ఆ కాగితం చూసి ఈసారి నా లాప్‌టాప్‌లో నేనే చేసి పంపాను. మళ్లీ అడిగారు. పాత లైన్లు వెతికే కంట్రోల్ ఆర్ కొట్టి, జీఎస్ (ఘోస్ట్‌స్క్రిప్ట్ కమాండ్ పేరు) అనగానే పాత లైన్ వచ్చేసింది, ఇదీ అతను చెప్పిందే. క్లెయిమ్ ఇంకా 'పరిశీలనలో' ఉంది.

తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు, రాయలేదు. అమ్మ ఎలా ఉన్నారో ఒక్క మెసేజ్ పెట్టు.

అయ్యో, ఛార్జర్ ఇచ్చిన సెక్యూరిటీ అన్న, డిశ్చార్జి రోజు వీల్‌చైర్ వెతికి తెచ్చిన ఆయా, ఇద్దరికీ చాలా థాంక్స్. రక్తమిచ్చిన మా టీమ్ కుర్రాళ్లను మర్చిపోయానని ఇప్పుడే మా ఆవిడ గుర్తుచేసింది. వాళ్లకు కూడా.