మండలమంత జనానికి ఒక రేడియో, ఒక టీవీ

చిన్నీ,

ఉత్తర అట్లాంటిక్‌లో, డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవుల మీద నువ్వు పంపిన డ్రాఫ్టు చదివాను. 54,000 మంది జనానికి సొంత రేడియో, టీవీ ఉండడం అద్భుతమని మొదలుపెట్టావు. అద్భుతం సంగతి తర్వాత, ముందు లెక్క వెయ్యి. అరగంట వార్తలకు రిపోర్టరు, కెమెరా, ఎడిటరు, స్టూడియో కావాలి. చూసేవాళ్లు మనవైపు ఒక మండలమంత ఉన్నా, ఎనిమిది కోట్లున్నా ఆ ఖర్చు పెద్దగా మారదు. పంచుకునే తలలే తక్కువ. అందుకే అక్కడ రోజూ తేల్చుకోవాల్సింది ఏది సొంత భాషలో చెయ్యాలి, ఏది వదులుకోవాలి అన్నది. వార్తలు, వాతావరణం, పిల్లల కార్యక్రమాలు వదలరు. పెద్దవాళ్లు చూసే విదేశీ సినిమాలకు మాత్రం ఎక్కువగా డేనిష్ సబ్‌టైటిల్సే. బడిలో అందరూ డేనిష్ నేర్చుకుంటారు కాబట్టి బండి నడుస్తోంది.

ఒక తప్పు దిద్దుకో. ఫారోయీ (వాళ్ల సొంత భాష)లో తొలి పత్రిక డిమ్మలాట్టింగ్ అని రాశావు. డిమ్మలాట్టింగ్ (తెల్లవారడం అని అర్థం, పేరు బాగుంది కదూ) 1878 నుంచి క్రమంగా వచ్చిన పాత పత్రికే గానీ, చాలాకాలం అందులో రాత ఎక్కువగా డేనిష్‌లోనే ఉండేది. ఫారోయీ భాషలో తొలి పత్రిక 1890లో వచ్చింది. రేడియో 1957లో, టీవీ 1984లో మొదలయ్యాయి. రెండూ 2005లో కలిసి క్రింగ్‌వార్ప్ ఫోరోయా అయ్యాయి. వార్ప్ అంటే విసరడం. రేడియో ఊట్‌వార్ప్, అంటే బయటికి విసిరేది. టీవీ షోన్‌వార్ప్, చూపును విసిరేది. క్రింగ్ అంటే చుట్టూ. సొంత రేడియో లేని రోజుల్లో, 1940 ఏప్రిల్ 25న, వాళ్ల జెండాను బ్రిటన్ ఒప్పుకున్న సంగతి బీబీసీలో చెప్పారు. ఇప్పటికీ అదే వాళ్ల జెండా దినం.

సిగ్నల్ గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు, అది చాలదు. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు పోయే దారినే పోతుంది. 18 దీవుల్లో చాలావరకు నిటారు కొండలే, అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 880 మీటర్లు. ఊళ్లేమో కొండ కింద, నీటి అంచున ఉంటాయి. కొండ చాటున పడ్డ ఊరికి మరోచోట రిలే పెట్టాల్సిందే. రిలే ఒక ఫ్రీక్వెన్సీలో అందుకుని ఇంకోదానిలో పంపాలి. ఒకటే వాడితే, మైకు స్పీకరు ముందు పెట్టినప్పుడు వచ్చే కూత లాంటి గొడవ అవుతుంది. సముద్రపు ఒడ్డున ఇంకో తలనొప్పి: కేబుల్ జాయింటులోకి ఉప్పునీరు దిగితే పవరు యాంటెన్నాకు చేరకుండా వెనక్కి తిరుగుతుంది, ట్రాన్స్‌మిటరు తనను తాను కాపాడుకోడానికి పవరు తగ్గించుకుంటుంది. స్టేషను ఆగదు, దూరపు ఊళ్లకు మాత్రం వినబడదు. అందుకే ముందు చూడాల్సింది ట్రాన్స్‌మిటరును కాదు, జాయింటునే.

భాష దగ్గర ఇంకా జాగ్రత్త. వాళ్ల అక్షరాలు 29. డి మీద అడ్డగీత గీసినట్టుండే అక్షరం చాలాచోట్ల పలకదు. వాతావరణం అనే మాటలో మాత్రం "వ" లాగా పలుకుతుంది: రాత ప్రకారం వెదుర్, నోట వేవుర్. విని రాసేవాళ్లు ఇక్కడే పడతారు. ఐస్‌లాండ్ కీబోర్డు వాడితే "థార్న్" అక్షరం దొర్లుతుంది, అది ఫారోయీలో లేదు. అందరూ ఒప్పుకున్న ఒకే ఉచ్చారణ కూడా లేదు, ఒక్కో దీవివాళ్లది ఒక్కో యాస.

పేర్లకు విభక్తులున్నాయి. దేశం పేరు ఫోరోయార్. "దీవుల యొక్క" అంటే ఫోరోయా. "దీవుల్లో" అంటే ఫోరోయుమ్. మన ఇల్లు, ఇంటి, ఇంట్లో లాంటిదే. పాత వార్తల్లో ఫోరోయార్ అని ఒక్కటే వెతికితే సగం దొరకవు. మొదటి భాగం "ఫోరోయ్" వరకే కొట్టి, దాని చివర నక్షత్రం గుర్తు (*, అంటే తర్వాత ఏ అక్షరాలున్నా సరే) పెట్టి వెతుకు. గూగుల్ అనువాదంలో ఈ భాష 2024లో గానీ రాలేదు, కాబట్టి దాని తర్జుమా చూసి విభక్తులు తేల్చెయ్యకు. నిఘంటువు పక్కన పెట్టుకో.

నాన్న