330కి భయపడుతున్నాం, 338ని వదిలేస్తున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం,

జ్యూస్ డబ్బాల మీద, జామ్ సీసాల మీద ఉండే 330 అనే నంబరు (తిండిలో విడిగా కలిపే పదార్థానికి ఇచ్చే కోడ్) వల్ల క్యాన్సర్ వస్తుందని మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మెసేజ్ తిరుగుతోంది, చదువుకున్నవాళ్లు కూడా నమ్మేసి పక్కవాళ్లకి పంపేస్తున్నారు. ఇది ఇప్పటి పుకారు కాదండీ. 1976లో ఫ్రాన్సులో ఒక కరపత్రం బయల్దేరింది, ప్యారిస్ దగ్గర విల్‌జుయిఫ్‌లో ఉన్న క్యాన్సర్ ఆస్పత్రి పేరు పెట్టి 330 అన్నిటికన్నా ప్రమాదం అని రాశారు, మాకేం సంబంధం లేదని ఆ ఆస్పత్రివాళ్లు మొత్తుకున్నా ఏళ్ల తరబడి ఆగలేదు.

330 అంటే సిట్రిక్ యాసిడ్, కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇచ్చేది అదే. ఇప్పుడు నిమ్మకాయలు పిండి తియ్యరు, ఫ్యాక్టరీల్లో చక్కెర ద్రావణంలో ఒక రకం నల్ల బూజు పెంచి తీస్తారు, 1919 నుంచీ ఇదే పద్ధతి. రుచికే కాదు, పులుపు పెరిగి పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 కన్నా కిందికి దిగితే బొటులిజం అనే ప్రాణాంతకమైన ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే బ్యాక్టీరియా పెరగదు, అందుకూ వేస్తారు. పుల్లటి డ్రింకులు అదేపనిగా చప్పరిస్తే పళ్ల మీద ఎనామిల్ అరుగుతుంది, అది నిజమే, కానీ క్యాన్సర్ మాట మాత్రం వట్టిది.

నా బాధ వేరే నంబరు గురించి. కోలా డ్రింకుల్లో 338 అని ఉంటుంది చూడండి, అది ఫాస్ఫారిక్ యాసిడ్, అంటే ఫాస్ఫరస్ ఉన్న యాసిడ్. కిడ్నీలు బాగున్నవాళ్లు ఎప్పుడో ఒక గ్లాసు తాగితే కొంప మునిగిపోదు. కానీ మాది ఉద్దానం సార్, ఇక్కడ కిడ్నీ జబ్బు లేని ఊరు చెప్పమంటే ఆలోచించాల్సిందే (ఆ జబ్బు ఈ డ్రింకుల వల్ల వచ్చిందని నేను అనట్లేదు, దయచేసి అలా వెయ్యకండి). డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ఒంట్లో ఫాస్ఫరస్ పేరుకుపోతుంది, ఎముకలు గుల్లవుతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. మా బావగారికి పప్పు తగ్గించమన్నారు పాలు తగ్గించమన్నారు, ఆయన నోరు కట్టుకుని అన్నీ మానేశారు, కానీ ఎండల్లో దాహానికి కోలా మాత్రం తాగుతూనే ఉన్నారు, ఎందుకంటే దాని సంగతి ఆయనకి ఎవ్వరూ చెప్పలేదు. పప్పుల్లో ఉండే ఫాస్ఫరస్ అంతా ఒంటికి పట్టదు, కొంతే పడుతుంది, ఇలా విడిగా కలిపిన ఫాస్ఫేట్ మాత్రం చాలావరకు పట్టేస్తుంది. 338 ఒక్కటే కాదు, 339, 340, 341, 450, 451, 452 అన్నీ ఫాస్ఫేట్లే, ప్రాసెస్డ్ చీజ్‌లో ఉంటాయి, కొన్ని నూడుల్స్‌లో కూడా. ఇక పొటాషియం తగ్గించమన్నవాళ్లయితే 332, 501 కూడా చూసుకోవాలి.

ఇవి ప్యాకెట్ మీద చూసి తెలుసుకుందామంటే ఎలా? రూల్ ప్రకారం లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు కంపెనీ ఇష్టం. యాసిడిటీ రెగ్యులేటర్ (పులుపుని సరిచేసేది) అని రాసి పక్కన నంబరు వేసినా చెల్లిపోతుంది, పేరు రాయక్కర్లేదు. చక్కెర ఎంతో, సోడియం ఎంతో వెయ్యాలి గానీ ఫాస్ఫరస్ ఎంతో వెయ్యాలనే నిబంధనే లేదు. జీడితోటల్లో పని చేసుకునే మనిషి చిన్న చిన్న అక్షరాల్లో ఉన్న 338ని చూసి ఏం అర్థం చేసుకుంటాడండీ?

ఫుడ్ సేఫ్టీ వాళ్లు మన రెండు రాష్ట్రాల్లో అమ్మే సరుకు మీద ఈ పేర్లు తెలుగులో వేయించాలి, ఫాస్ఫరస్ లెక్క కూడా వేయించాలి. అది అయ్యేలోపు మీ పేపర్ చెయ్యగలిగింది ఒకటుంది. నేను పైన రాసిన నంబర్లని పెద్ద అక్షరాలతో, కిడ్నీ డాక్టరుతో ఒకసారి సరిచూయించి, జిల్లా పేజీలో వెయ్యండి. కత్తిరించి పలాస, సోంపేట డయాలసిస్ సెంటర్లలో గోడకి అంటించే పని మేం చేసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా