గేటు దాటితే మాట వినని కుక్క

సంపాదకులకు,

ఇంట్లో 'సిట్' అంటే కూర్చుంటుంది, చెయ్యి చాపితే షేక్‌హ్యాండ్ ఇస్తుంది. గేటు తీశామా, ఇక మనం ఎవరో తెలియనట్టు ఈడ్చుకుపోతుంది. పెంపుడు కుక్కల గురించి పాఠకులు అడిగే ప్రశ్నల్లో ఇది ఎప్పుడూ ఉండేదే. దీనికి తరచుగా వచ్చే జవాబు కూడా ఒకటే: చోక్ చెయిన్ (గుంజితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు) కొనండి, ఒక్క గుంజు గుంజండి, యజమాని ఎవరో దానికే తెలుస్తుంది. 'దండం దశగుణం' అన్న మాట మనవాళ్ల నాలుక మీదే ఉంటుంది కాబట్టి ఈ సలహా సులువుగా చెల్లిపోతోంది. సలహా మాత్రం తప్పు. ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కుక్క మొండికెయ్యడం లేదు. హాల్లో, టైల్స్ మీద, మీరు బిస్కెట్ డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడ్డప్పుడు 'సిట్' నేర్చుకుంది. దాని లెక్కలో 'సిట్' అంటే ఆ మొత్తం దృశ్యం. వీధిలో ఆ దృశ్యం లేదు. దాని స్థానంలో చెత్తబుట్ట వాసన, పక్క వీధి కుక్క నిన్న రాత్రి స్తంభం మీద వదిలిన కబురు, దూసుకుపోయే స్కూటరు ఉన్నాయి. ఇంట్లో ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లాడు జాతరలో రంగులరాట్నం ముందు పన్నెండో ఎక్కం చెప్పలేకపోతే వాడికి లెక్కలు రావని అనం కదా.

చెయిన్ గుంజినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. కుక్క కళ్లు ఆ క్షణంలో సైకిల్ మీద పోతున్న పిల్లవాడి మీదున్నాయి. మెడ మీద నొప్పి పుట్టింది. 'నేను లాగాను కాబట్టి నొప్పి' అని అది అనుకుంటుందని మన ఆశ. అది కలుపుకునేది మాత్రం నొప్పినీ సైకిల్‌నీ. నాలుగుసార్లు అయ్యేసరికి సైకిల్ కనబడితే చాలు మొరుగుతుంది. గుర్రుమన్నందుకు కొడితే ఇంకా ప్రమాదం. గుర్రుమనడం హెచ్చరిక, హెచ్చరించినందుకు దెబ్బ పడితే, ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. 'ఉన్నట్టుండి కరిచింది' అనే కుక్కల్లో చాలావాటికి ఆ గుర్రును మనమే మాన్పించి ఉంటాం.

2020లో పోర్చుగల్ పరిశోధకులు శిక్షణ కేంద్రాలకు వెళ్లే 92 కుక్కలను గమనించి ఒక పత్రం ప్రచురించారు. దండన ఎక్కువగా వాడే కేంద్రాల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి, శిక్షణ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా ఎక్కువ పెరిగింది. వేల్స్ 2010లోనే కరెంటు షాక్ కాలర్లను నిషేధించింది. జర్మనీ 2022 నుంచి శిక్షణలో ముళ్ల కాలర్లు వాడనివ్వడం లేదు. మన దగ్గర ఇవి ఆన్‌లైన్‌లో హాయిగా దొరుకుతున్నాయి. జంతువును కొట్టడం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కిందికి వస్తాయన్నది గొలుసు కొనేవాళ్లలో ఎందరికి తెలుసో!

ఇక పని. సామాను ఎక్కువేం అక్కర్లేదు. ఆరడుగుల మామూలు లీష్, అంటే కుక్కను పట్టుకుని నడిపించే తాడు ఒకటి. బటన్ నొక్కితే సాగే రకం వద్దు. దాంట్లో తాడు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, లాగితే ముందుకు పోవచ్చన్న పాఠాన్ని అదే నేర్పుతుంది. మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీ, హార్నెస్, ఛాతీ దగ్గర రింగు ఉన్నది ఒకటి. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. కుక్క లాగితే ముందు రింగు దాన్ని పక్కకు తిప్పుతుంది, వీపు మీద రింగు ఎడ్లబండి కాడిలా పనిచేసి ఇంకా బాగా లాగనిస్తుంది. నడుముకు చిన్న సంచి. సంచిలో ఉప్పు, కారం లేకుండా ఉడికించి బఠాణీ గింజంత ముక్కలు చేసిన చికెన్. వంద గ్రాముల చికెన్‌కు నూటయాభైకి తగ్గకుండా ముక్కలొస్తాయి, ఒక రోజు శిక్షణకు అది ఎక్కువే. శాకాహారులు పనీర్ వాడొచ్చు. పాలు పడని కుక్కలుంటాయి, మొదటి రోజు నాలుగు ముక్కలతో చూడండి. ఇలా పెట్టేది రోజు తిండిలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించాలి. కూరలోంచి తీసి కడిగిన ముక్క పనికిరాదు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పరమాన్నంలో కిస్‌మిస్ ఏరి పెట్టే ముద్దు కూడా మానాలి, ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కిడ్నీలకు ముప్పు.

ముందు ఒక గుర్తు మాట నేర్పాలి. 'యస్' చాలు. 'గుడ్ బాయ్' వద్దు, అది ఇంటిల్లిపాదీ రోజంతా వాడి అరగదీసిన మాట. కుక్క ఏమీ చెయ్యనక్కర్లేదు. మీరు 'యస్' అనండి, సెకను లోపు ముక్క నోట్లో పెట్టండి. పదిహేను ఇరవై సార్లు. దీంట్లో అందరూ చేసే పొరపాటు చేతిది. మాట కంటే ముందే చెయ్యి సంచిలోకి పోతుంది. అప్పుడు కుక్క మాట వినడం మానేసి చేతినే కాపలా కాస్తుంది, సంచి లేని రోజు మీ ముఖం కూడా చూడదు. చెయ్యి కదలకుండా నిలవాలి, మాట రావాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. అద్దం ముందు కుక్క లేకుండా ఐదు నిమిషాలు సాధన చేస్తే తేడా మీకే కనిపిస్తుంది.

తర్వాత చూపు. ముక్కను పిడికిట్లో బిగించి చేతిని భుజం ఎత్తులో పక్కకు చాపండి. కుక్క ఎగురుతుంది, మూతితో పొడుస్తుంది, పంజాతో గీరుతుంది, ఒకసారి మొరుగుతుంది కూడా. మీరు ఏమీ అనొద్దు. ఎంతకీ పిడికిలి విప్పుకోకపోయేసరికి 'ఏంటి సంగతి' అన్నట్టు ఒక్క క్షణం మీ ముఖంలోకి చూస్తుంది. ఆ క్షణంలోనే 'యస్', రెండో చేత్తో ముక్క. చూపు అర సెకను ఉన్నా చాలు. పదిసార్లలో ఎనిమిదిసార్లు తనంతట తనే చూస్తున్నప్పుడు 'చూడు' అన్న మాట చేర్చండి, అదీ అది చూడబోయే ముందు. పని రాకముందే మాట నేర్పితే మాట వట్టి చప్పుడవుతుంది. ఇంట్లో అందరికీ ఒకే మాట ఉండాలి. నాన్న 'సిట్', నానమ్మ 'కూచోవే', పిల్లలు 'సిట్ సిట్ సిట్ సిట్' అంటుంటే కుక్క నాలుగో సిట్ దాకా ఆగుతుంది. దాని వరకు ఆజ్ఞ అదే మరి.

హాల్లో కుదిరాక బాల్కనీ, మెట్లు, లిఫ్టు ముందు, పార్కింగ్, గేటు లోపల, ఆ తర్వాతే గేటు బయట. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు. పదికి ఎనిమిది వస్తే ముందుకు, ఐదు కంటే తగ్గితే ఒక మెట్టు వెనక్కు. చాలా ఇళ్లలో హాల్లోంచి ఒకేసారి రోడ్డు మీదికి దూకుతారు, శిక్షణ పనిచెయ్యలేదని అక్కడే వదిలేస్తారు.

అసలు కష్టం వీధి కుక్క ఎదురైనప్పుడే. ఇక్కడ కావలసింది బలం కాదు, దూరం. మూల తిరగ్గానే మీ కుక్కను గమనించండి. అప్పటిదాకా వదులుగా తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. చెవులు ముందుకొస్తాయి. బరువు ముందు కాళ్ల మీదికి చేరుతుంది, తోక బిర్రబిగుస్తుంది. మొరగడానికి ఇంకా రెండు సెకన్లుంది. మొరుగుడు మొదలయ్యాక నేర్పేదేమీ లేదు, మీ పనంతా ఆ రెండు సెకన్లలోనే. అవతలి కుక్కను చూసింది, 'యస్', ముక్క. మళ్లీ చూసింది, 'యస్', ముక్క. మంచి పని చేసినందుకు కాదు, చూసినందుకే. అది ముప్ఫై మీటర్ల దూరంలో కుదిరితే ముప్ఫై మీటర్లలోనే చెయ్యండి. కొన్ని రోజులకు అవతలి కుక్క కనిపించగానే మీది తనే తల తిప్పి మీ వంక చూస్తుంది, 'అదిగో కుక్క, ఏదీ నా చికెన్' అన్నట్టు. అది నిలకడగా వచ్చాక రెండు మూడు అడుగులు దగ్గరికి జరగండి, అంతకు మించి వద్దు.

దూరం సరిపోయిందో లేదో కొలవడానికి టేపు అక్కర్లేదు. ముక్కను మెత్తగా పెదాలతో తీసుకుంటే సరిపోయింది. వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంటే అంచు మీదున్నారు. ముక్కు దగ్గర చికెన్ పెట్టినా పట్టించుకోకపోతే మరీ దగ్గరికొచ్చారు. అప్పుడు పేరు పెట్టి పదిసార్లు పిలవకండి, వెనక్కు తిరిగి నడవండి. ఈ వెనుదిరగడానికి 'పద' అని పేరు పెట్టి ఖాళీ పార్కింగ్‌లో ముందే ఇరవైసార్లు నేర్పి ఉంచాలి. అవసరం వచ్చినప్పుడు కొత్తగా నేర్పడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

మన గల్లీల్లో ముప్ఫై మీటర్లు ఎక్కడివి అంటారు. నిజమే, ఈ పాఠాల్లో చాలావరకు వెడల్పాటి పేవ్‌మెంట్లున్న ఊళ్లలో పుట్టినవి. అక్కడ దూరం చేసే పనిని ఇక్కడ ఆగి ఉన్న కారు చెయ్యగలదు: దాని వెనక్కు చేరితే చూపు తెగుతుంది, చూపు తెగితే దూరం పెరిగినట్టే. తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్లండి. ఎండాకాలంలో తారు రోడ్డు అరికాళ్లను కాల్చకుండా ఉండాలన్నా అదే వేళ. స్కూలు గ్రౌండు అంచునో, చెరువు కట్ట మీదో సాధన చెయ్యండి. వీధి కుక్క మీ వైపే నడిచొస్తుంటే గుప్పెడు ముక్కలు దాని ముందు నేల మీద చల్లి పక్కకు తప్పుకోండి. అది ఏరుకునేలోపు మీరు మలుపు తిరుగుతారు. పరుగెత్తకండి, మీ కుక్కను చంకనెత్తుకోకండి. రెండూ వీధి కుక్కను ఇంకా రెచ్చగొడతాయి.

లీష్ లాగడానికి అందరికీ తెలిసిన మందు ఆగిపోవడం. లాగితే ఆగు, వదులైతే నడువు. మందు మంచిదే, మోతాదులో తప్పుతాం. ఆఫీసుకు టైమైన రోజున లాగినా నడిచేస్తాం. ఐదుసార్లలో ఒక్కసారి లాగుడు ఫలించినా చాలు, పేకాటలో అప్పుడప్పుడూ ముక్క కలిసినవాడిలా కుక్క ఇక ఆట వదలదు. తీరిక లేని రోజు లీష్‌ను హార్నెస్ వెనక రింగుకు తగిలించండి. ముందు రింగంటే పాఠం, వెనక రింగంటే మామూలు నడక అని తేడా దానికి తెలుస్తుంది. ఆగడం ఒక్కటే చాలదు, మీ కాలి పక్కన ఉన్నప్పుడు ముక్క కూడా అక్కడే, మోకాలి దగ్గరే అందాలి. మొదట మూడడుగులకొకసారి, తర్వాత ఐదుకు, ఎనిమిదికి, మళ్లీ రెండుకు, లెక్క దొరక్కుండా. వాసన చూడనివ్వడం కూడా బహుమానమే: వదులు లీష్‌తో పది అడుగులు నడిచిందా, 'వెళ్లు' అని స్తంభం దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కోసారి చికెన్ కంటే అదే ఎక్కువ.

వచ్చినవాళ్ల మీదికి ఎగరడం గురించి క్లుప్తంగా. పట్టించుకోకపోతే మానేస్తుందనేది నిజం, కానీ మానే ముందు రెట్టింపు ఎగురుతుంది. చుట్టాలు ఆ రెట్టింపు దశలోనే 'పాపం' అని నిమిరేస్తారు. అందుకే బెల్లు మోగగానే తలుపుకు దూరంగా చాప మీద ముక్కలు చల్లండి. నేల మీద ఏరుకునే కుక్క గాల్లో ఉండలేదు.

రెండు హెచ్చరికలు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఎదిగే వయసు. వచ్చినవి మరచినట్టే కనిపిస్తుంది, ఓపికగా కింది మెట్టు నుంచి మళ్లీ చెయ్యండి. ఇంకొకటి, ఇన్నాళ్లూ బాగున్న కుక్క ఉన్నట్టుండి మాట వినకపోతే శిక్షణ ఆపి వెటర్నరీ డాక్టరుకు చూపించండి. చెవిలో చీము, తుంటి నొప్పి, మన దగ్గర తరచుగా వచ్చే గోమారి జ్వరం, వీటిలో ఏదున్నా కుక్క చిరాకుగా, పరధ్యానంగా ఉంటుంది.

కరిచే దాకా వస్తే ఇదంతా సొంతంగా చేసే పని కాదు. శిక్షకుణ్ని వెతికేటప్పుడు 'పదిహేను రోజుల్లో గ్యారంటీ' అనే బోర్డు చూసి మోసపోకండి, ఒకటే అడగండి: కుక్క తప్పు చేసినప్పుడు మీరేం చేస్తారు? 'దూరం పెంచుతాం, పని సులువు చేస్తాం' అనే అర్థం వచ్చే జవాబు వింటే కూర్చుని మాట్లాడండి. 'దాని సంగతి మాకు వదిలెయ్యండి' అంటూ శిక్షణ చూడనివ్వకపోతే లీష్ పట్టుకుని ఇంటికి తెచ్చేసుకోండి.

ఇట్లు,
ఒక శునక శిక్షకుడు,
హైదరాబాద్