పోర్ట్ లూయీ రేవు దగ్గర నడిచేటప్పుడు

కాకినాడ

చిట్టీ,

మారిషస్‌లో గది దొరికిందని, ఎబేన్‌లో ఆఫీసు కూడా దగ్గరేనని చెప్పావుగా, నాన్నగారి టెన్షన్ సగం తగ్గింది. ఫోన్‌లో ఎంతసేపూ తిండి, నిద్ర సంగతులతోనే సరిపోతోంది. నాకేమో నువ్వున్న దేశం గురించి చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరు వెనకే గడిచింది కాబట్టి ఏ దేశాన్నైనా ముందు దాని స్టాంపుల్లోనే చూడటం నాకు అలవాటు. మారిషస్ స్టాంపులను వరసగా చూస్తే ఆ దీవి చరిత్ర చాలావరకు తెలుస్తుంది. కాకపోతే స్టాంపు మీద ఎవరున్నారో చూసిన ప్రతిసారీ, ఎవరు లేరో కూడా అడుగుతుండాలి.

మొదటి ఆదివారమే రాజధాని పోర్ట్ లూయీ రేవులోని కోడాన్ వాటర్‌ఫ్రంట్‌కు వెళ్లు. అక్కడ బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. 1847 సెప్టెంబరులో మారిషస్ వేసిన మొట్టమొదటి స్టాంపులు రెండూ అందులో ఉన్నాయి: నారింజ ఎరుపులో ఒక పెన్నీది, ముదురు నీలంలో రెండు పెన్నీలది. బ్రిటన్ 1840లో ప్రపంచంలోనే తొలి స్టాంపు తెచ్చిన ఏడేళ్లకే ఇవి వచ్చాయి. బ్రిటిష్ వలసల్లో సొంతంగా స్టాంపు వేసుకున్న మొదటి దేశం ఇదే. జోసెఫ్ ఆస్మండ్ బార్నార్డ్ అనే ఆయన రాగిరేకు మీద విక్టోరియా రాణి ముఖం చెక్కాడు. ఎడమ అంచున 'పోస్ట్ ఆఫీస్' అని రాశాడు. ఒక్కోటి ఐదు వందలే అచ్చేశారు. మరుసటి ఏడాది వచ్చిన వాటి మీద 'పోస్ట్ పెయిడ్' అని ఉండటంతో, మొదట రాసింది పొరపాటని ఒక కథ పుట్టింది. ఆ కథను నమ్మకు. ఆ రోజుల్లో తపాలా ముద్రల్లో 'పోస్ట్ ఆఫీస్' అన్న మాట మామూలే. అవి అపురూపం కావడానికి కారణం తప్పు కాదు, మిగిలినవి తక్కువ కావడమే. రెండు రకాలూ కలిపి ఇప్పుడు 27 దాకా ఉన్నాయంటారు. ఈ జంటను 1993లో మారిషస్ సంస్థలు కొన్ని కలిసి దాదాపు 20 లక్షల డాలర్లకు కొని స్వదేశం తెచ్చాయి. వెలుతురుకు రంగు పోతుందని, అసలు స్టాంపుల మీద గంటకు కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. మిగతా సమయంలో కనిపించేవి నకళ్లు. కౌంటర్లో టైం అడిగి తెలుసుకుని వెళ్లు.

ఆ స్టాంపుల్లో కొన్ని గవర్నరు భార్య లేడీ గామ్ ఇచ్చిన విందుకు పిలుపు కవర్ల మీద వెళ్లాయి. ఎరుపు స్టాంపులు రెండు అంటించిన ఒక కవరు 1850లో బొంబాయిలో బైబిల్ సంఘం కార్యదర్శికి వచ్చింది. ఆ శతాబ్దం చివర్లో అది మన దేశంలోనే ఒక బజారులో దొరికింది. ఎవరో పాత కాగితాల్లోంచి పైకి తీశారన్నమాట! ఇది చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అదే కాలంలో ఇటునుంచి అటు వెళ్తున్న ఓడల సంగతి కూడా నీకు తెలియాలి. చెరుకు తోటల్లో పనికి భారతీయ కూలీలను తీసుకుని అట్లాస్ అనే ఓడ 1834 నవంబరు 2న పోర్ట్ లూయీ చేరింది. బానిసత్వం పోతోంది, తోటలకు మనుషులు కావాలి. అక్కడినుంచి ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. బిహార్ వాళ్లే ఎక్కువ. తమిళులు, మరాఠీలు, మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మన వాళ్లలో చాలామంది ఇదిగో, మనకు కూతవేటు దూరంలోని కోరంగి చుట్టుపక్కల నుంచి, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లే. 1839 తుఫాను కోరంగి రేవును చావుదెబ్బ కొట్టింది. ఆ తర్వాత బతకడానికి ఓడెక్కినవాళ్లను తలుచుకుంటే, నువ్వు విమానంలో వెళ్లిన దారి వాళ్లు వెళ్లిన దారే అనిపిస్తుంది.

ఆ స్టాంపుల మీద రాణి ముఖమే ఉండేది. కూలీల ముఖాలు మరో చోట ఉన్నాయి. 1860ల నుంచి వాళ్ల ఫోటోలు తీసి పాసుల మీద అంటించారు. పాసు లేకుండా రోడ్డు మీద కనబడితే దేశదిమ్మరి కింద లెక్కగట్టి పట్టుకుపోయేవాళ్లు. ఫోటో తీసింది గౌరవించడానికి కాదు, పారిపోతే పట్టుకోవడానికి. ఆ ఫోటోలు, ఓడల రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, అన్నీ రాసి ఉంటాయి. మోకా నీకు పక్కనే కదా. వీలు చేసుకుని వెళ్లు. నాకు ఆ స్టాంపుల కంటే ఆ పాసులే విలువైనవి, నిజం చెబుతున్నాను.

రాజకుటుంబం కాకుండా వేరే మనిషికి చోటిచ్చిన స్టాంపు 1899లో వచ్చింది. మాహె ద లా బుర్దొనే పుట్టి రెండు వందల ఏళ్లయిన సందర్భం. ఈయన ఫ్రెంచివాళ్ల కాలపు గవర్నరు, 1735లో వచ్చి పోర్ట్ లూయీని రేవు పట్టణంగా నిలబెట్టినవాడు. 1746లో మన మద్రాసును ఇంగ్లీషువాళ్ల దగ్గర్నుంచి పట్టుకున్నది కూడా ఈయనే. రేవు ఎదురుగా ఆయన విగ్రహం కనిపిస్తుంది. ఆయన కట్టించాడంటాం. రాయి మోసింది మాత్రం ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి తెచ్చిన బానిసలు, పాండిచ్చేరి నుంచి తీసుకెళ్లిన మేస్త్రీలు. వాళ్లకు అప్పట్లో విగ్రహమూ లేదు, స్టాంపూ లేదు.

1950లో వచ్చిన సెట్టు నా ఆల్బంలో చాలావరకు ఉంది, చిన్నప్పుడు చూశావు. చక్కెర ఫ్యాక్టరీ, చెరుకు రవాణా, పీటర్ బోత్ కొండ, జలపాతం, దీవి పటంతో పాటు డోడో పక్షి. డచ్చివాళ్లు 1598లో దిగాక వందేళ్లు తిరక్కుండానే అది అంతరించిపోయింది. ఎగరలేని పక్షి, మనిషిని చూసి భయపడటం తెలియని పక్షి. ఆ సెట్టులో దీవి అందమంతా ఉంది. చెరుకూ ఉంది. చెరుకు నరికినవాళ్ల చరిత్ర మాత్రం లేదు. మూలన ఆరవ జార్జి రాజు ఉన్నాడు.

స్వాతంత్ర్యం 1968 మార్చి 12న వచ్చింది. గాంధీగారి శతజయంతికి 1969లో మారిషస్ వేసిన స్టాంపుల్లో ఒకటి నాకెంతో ఇష్టం. అది 1901లో మారిషస్‌లో ఉన్న గాంధీ. దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి వస్తుండగా ఓడ అక్కడ ఆగింది, ఆయన దాదాపు మూడు వారాలు ఉన్నారు. పిల్లలను చదివించుకోండి, రాజకీయాల్లోకి రండి అని అక్కడి భారతీయులకు చెప్పారు. ఆ తర్వాత 1907లో మణిలాల్ డాక్టర్ అనే లాయరు వెళ్లి కోర్టుల్లో వాళ్ల తరఫున నిలబడ్డాడు. ఆ ఒక్క స్టాంపు పట్టుకుంటే వెనక ఇంత కథ వస్తుంది. ఇక కూలీల సంగతి, బానిసల సంగతి నేరుగా చెబుతూ స్టాంపులు వచ్చింది 1984లో, బానిసత్వ రద్దుకూ భారతీయుల రాకకూ నూట యాభై ఏళ్ల సందర్భంగా. రెండు కథలనూ ఒకే సెట్టులో పెట్టడం చాలా సబబైన పని. ఎవరి కష్టం పెద్దదన్న పోటీ అక్కడ లేదు.

నీకు అక్కడ ఒంటరిగా అనిపిస్తే ఒకటి గుర్తుంచుకో. ఉగాదికి ఆ దేశమంతా సెలవు. సింహాద్రి అప్పన్నను కొలిచే కుటుంబాలున్నాయి, రామభజనలు చేస్తారు, బడుల్లో తెలుగు చెబుతారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు మన తపాలా శాఖ స్టాంపు వేసింది. మూడో మహాసభలు 1990లో జరిగింది మారిషస్‌లోనే. వాళ్ల తెలుగు మన తెలుగులా వినిపించకపోవచ్చు. ఇంట్లో ఫ్రెంచిలోంచి పుట్టిన అక్కడి భాష క్రియోల్ మాట్లాడుకునేవాళ్లే ఎక్కువ. తక్కువ చేసి చూడకు తల్లీ. ఇన్ని తరాలు, ఇంత సముద్రం దాటి నిలబెట్టుకున్నది అది.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చే ముందు 1965లో బ్రిటన్ చాగోస్ దీవులను విడదీసి తన దగ్గర ఉంచుకుంది. వాటిలో ఒకటైన డియెగో గార్సియా మీద అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని 1973 కల్లా ఖాళీ చేయించారు. మారిషస్‌కు, సీషెల్స్‌కు తెచ్చి వదిలేశారు. అయినా ఆ దీవులకని, 'బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీ' పేరుతో 1968 నుంచి స్టాంపులు మాత్రం అచ్చయ్యాయి: చేపలు, పక్షులు, ఓడలు. ఉత్తరం రాసుకోవడానికి ఆ ఊళ్లలో సొంత మనుషులు లేరు, స్టాంపులున్నాయి! నాకు ఇది చూస్తే కడుపు రగిలిపోతుంది. 2021లో ప్రపంచ తపాలా సంఘం సభ్యదేశాలు ఓటేసి, చాగోస్ కోసం బ్రిటన్ వేసే స్టాంపులు ఇక చెల్లవని, అక్కడి తపాలాకు మారిషస్ స్టాంపులే వాడాలని తేల్చాయి. ఒక చిన్న కాగితం ముక్క ఇంత పెద్ద మాట చెబుతుందా అని అడిగేవాళ్లకు నేను దీన్నే చూపిస్తాను. పోర్ట్ లూయీలో చాగోస్ వాళ్లు ఎవరైనా పరిచయమైతే వాళ్ల మాటలు ఓపిగ్గా విను.

ఇప్పుడు నా పనులు. బ్లూ పెన్నీ మ్యూజియం నుంచి రేవు వెంట నడిస్తే పాత రాతి పోస్టాఫీసు భవనం వస్తుంది, అందులో తపాలా మ్యూజియం ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఆప్రవాసీ ఘాట్. ఓడ దిగిన కూలీలు ఎక్కిన పదహారు మెట్లు అవే, యునెస్కో 2006లో గుర్తించింది. మూడూ ఒకే రోజు చూడు, ఈ వరసలోనే చూడు. ఇంకో వారం తీరిగ్గా లె మోర్న్ కొండకు వెళ్లు, పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు.

పోస్టాఫీసులో ఇప్పుడు అమ్ముతున్న స్టాంపులు రెండేసి తీసుకో. ఒకటి అంటించి నాకు ఉత్తరం వెయ్యి, ముద్ర స్పష్టంగా పడాలని కౌంటర్లో వాళ్లకు చెప్పు. రెండోది ముద్ర పడకుండా పలచటి ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచు, సెలోటేపు అంటించకు. ఉత్తరంలో నువ్వు వండుకున్నది, తిన్నది కూడా రాయి. మోకాలో కోరంగి, తాళ్లరేవు, యానాం అని ఏ రిజిస్టరులోనైనా కనిపిస్తే ఆ పేర్లు వరసగా రాసి పంపు. ఇక్కడ ఊళ్లో పెద్దవాళ్లను నేను అడుగుతాను.

ఆశీస్సులతో,
అమ్మ