మా సంతకాలు విమానాలతోనే వెళ్లిపోయాయి, మంత్రిగారూ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వైమానిక దళంలో 20 ఏళ్లు విమానాల ఎలక్ట్రికల్ పని చేసి బయటికొచ్చినవాణ్ని. ఈ ఉత్తరం పింఛను కోసం రాయడం లేదు. చేసిన పనులు రాసి సంతకం పెట్టించుకునే ఒక పుస్తకం గురించి రాస్తున్నాను. సర్వీసులో చేరిన రోజే మా చేతికి రావలసిన పుస్తకం అది, ఇవాళ్టికీ రాలేదు.

మా పనిలో సంతకం లేకుండా స్క్రూ కూడా బిగించం. జనరేటరు మార్చినా, బ్యాటరీ దించినా, ఒక్క కనెక్టరు విప్పి పెట్టినా చేసినవాడి సంతకం ఉండాలి, చూసినవాడి సంతకం ఉండాలి. ఆ కాగితాలన్నీ విమానానివి. విమానం వేరే స్థావరానికి వెళితే వాటినీ వెంట తీసుకుపోతుంది. మనిషి చేతికి మాత్రం చివరి రోజున ఒక్క కాగితం వస్తుంది. అందులో పేరు, హోదా, 'ఎలక్ట్రికల్ ట్రేడ్', సర్వీసు ఎన్నేళ్లన్నది, అంతే.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఒక యుద్ధవిమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడల్లా జనరేటరు హెచ్చరిక దీపం వెలిగి ఆరిపోతోందని పైలట్ రాశాడు. నేల మీద పరీక్షిస్తే అంతా బాగానే ఉంది. రెండుసార్లు 'లోపం కనబడలేదు' అని రాసి పంపేశాం. మూడోసారీ అదే ఫిర్యాదు వచ్చేసరికి మాకు నిద్ర పట్టలేదు. ప్యానెళ్లు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, వైర్ల కట్టను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వేళ్లతో తడుముకుంటూ పోయాం. తెల్లవారుజామున, చెయ్యి పట్టని మూలలో వైర్లను పట్టి ఉంచే ఒక క్లాంపు వెనక అద్దం పెట్టి టార్చి వేస్తే రాగి తళుక్కుమంది. ఆవగింజంత ఉంటుందేమో. క్లాంపులోని రబ్బరు అరిగి, దాని ఇనుప అంచు వైరు మీది తొడుగును కొంచెం కొంచెంగా కోసేసింది. ఒరుసుకున్నప్పుడల్లా షార్టు, వదిలితే మామూలే.

ఆవగింజంత రాగికి ఇంత హడావుడా అనుకోకండి. 1998లో స్విస్‌ఎయిర్ 111 విమానంలో కాక్‌పిట్ పైకప్పు మీద మంట పుట్టి 229 మంది చనిపోయారు. వైరు దగ్గర లేచిన నిప్పురవ్వ పక్కనున్న ఇన్సులేషన్ పొరకు అంటుకుందని దర్యాప్తులో తేలింది. అంతకు రెండేళ్ల ముందు టీడబ్ల్యూఏ 800 విమానం ఇంధన ట్యాంకు పేలి 230 మంది పోయారు. ట్యాంకు బయట జరిగిన షార్టు వల్ల ఇంధన కొలత వైర్ల ద్వారా ఎక్కువ వోల్టేజి లోపలికి వెళ్లి ఉండవచ్చని, అన్నిటికంటే ఎక్కువ అవకాశం దానికే ఉందని దర్యాప్తు బృందం చెప్పింది. అవి రెండూ పౌర విమానాలే. అలాంటి వైర్లను వెతికి పట్టుకునే చేతులు మా దగ్గర ఉన్నాయి.

ఆ రాత్రి పనికి కాగితం మీద మిగిలింది ఒక్క లైను: 'తొడుగు దెబ్బతిన్న వైరు మార్చాం, పరీక్షించాం, సరిగా ఉంది.' అది ఆ విమానంతోనే పోయింది.

పౌర విమానయానంలో విమాన నిర్వహణ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చున్న అధికారి మర్యాదగానే అడిగారు: "మీరు చేసిన పనులు, విమానం రకం, తేదీ, పర్యవేక్షించినవారి సంతకం చూపించండి." నా దగ్గర ఏమీ లేదు. ఆయన తప్పేం లేదు, అడగవలసిందే అడిగారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం నిర్వహణ లైసెన్సుకు 4 ఏళ్ల అనుభవం కావాలి, ఆమోదించిన శిక్షణ ఉంటే 2 ఏళ్లు చాలు. ఐరోపా నిబంధనలు సైన్యంలో చేసిన సమానమైన పనిని ఒప్పుకుంటాయి, పౌర విమానాల మీద మరికొంత పని చేసి రమ్మంటాయి. అంటే తలుపు తెరిచే ఉంది. రుజువు చూపించలేక మేమే గడప దగ్గర ఆగిపోతున్నాం.

చాలా యుద్ధవిమానాల్లోనూ, ప్రయాణికుల విమానాల్లోనూ పారేది 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటే. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నగా, తేలిగ్గా ఉండాలని అంత ఫ్రీక్వెన్సీ పెడతారు. బ్యాటరీ వైపు 28 వోల్టులు. క్రింపింగ్ (వైరు చివర కనెక్టరును నొక్కి బిగించడం), వైరు తొడుగు బాగుందో లేదో చూసే ఇన్సులేషన్ పరీక్ష, డ్యూటీ దిగేముందు టూల్‌కిట్‌లో ప్రతి పనిముట్టూ లెక్కచూసుకోవడం, ఇవేవీ మారవు. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు, ఆయుధాల సర్క్యూట్లు పౌర విమానాల్లో ఉండవు. అక్కడివి కొన్ని మేము కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకుంటాం, పరీక్షలూ రాస్తాం. మినహాయింపు ఏదీ అడగడం లేదు.

అడిగేది ఇదొక్కటే. చేరిన రోజు నుంచి ప్రతి టెక్నీషియన్‌కూ సొంత పని పుస్తకం ఇప్పించండి. చేసిన పని, విమానం రకం, తేదీ, పై అధికారి సంతకం అందులో ఉంటే చాలు. స్థావరం పేరు, ఆయుధాల వివరాలు అక్కర్లేదు. పనుల పేర్లు ఎలా రాయాలో పౌర విమానయాన శాఖతో ముందే మాట్లాడి ఖాయం చేయించండి. త్వరలో విరమించబోయేవారికి, విమానాల రికార్డుల్లోంచి వాళ్ల పనుల జాబితా తీసి ధ్రువీకరించి ఇవ్వమని యూనిట్లకు ఆదేశం పంపండి. నాలాంటి వాళ్లకు ఆలస్యమైపోయింది, దానికి బాధ లేదు.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు. ఇంకా 3 ఏళ్ల సర్వీసుంది. నోటుబుక్కు కొనుక్కుని రోజూ చేసిన పనులు రాసుకోమన్నాను. "రాస్తున్నాను సార్, కానీ ఇందులో సంతకం ఎవరు పెడతారు?" అన్నాడు. అతని పై అధికారికి ఆ అధికారం మీరే ఇవ్వాలి.

ఇట్లు,
విరమించిన ఒక విమాన ఎలక్ట్రికల్ టెక్నీషియన్